కొత్తవలసలో దొరికిన దొరసాని

పాతపట్నం నుంచి కొత్తవలస ఎంత దూరమని ఎవర్నడిగినా, పొద్దున్నే బస్సెక్కితే మజ్జాన్నం భోజనానికి చేరిపోవచ్చంటారు. మారిసెల్‌కి ఎనిమిది రోజులు పట్టింది. దారిలో బస్సు చెడిపోలేదు, వాన పడలేదు, బందు లేదు. భోజనాలే అడ్డొచ్చాయి.

మారిసెల్‌ది ఫిలిప్పీన్స్. లెక్కల టీచరు. వాళ్ళ చర్చి సంఘం వాళ్ళు మిషనరీలతో కలిసి పనిచెయ్యమని రెండేళ్ళకి వలంటీరుగా పాతపట్నం దగ్గర మిషను బడికి పంపించారు. జీతం లేదు. హాస్టల్లో ఓ మంచం, మూడు పూటలా అన్నం, ఎనభై మంది పిల్లల అల్లరి ఉచితం. ఆమె పేరు వంటమనిషి గురమ్మకి నోరు తిరక్క "మారిసమ్మ" అనేసింది. ఊరు ఊరంతా దాన్నే ఖాయం చేసింది. తెలుగు కూడా గురమ్మ దగ్గరే నేర్చుకుంది కాబట్టి అది తెలుగనడం కంటే గురమ్మ భాష అనడమే న్యాయం. "ఏటే గుంటా, లెక్క సేసినావా, సెయ్యనేదా?" అని ఆమె క్లాసులో అరిస్తే, రోడ్డు మీద పోయేవాళ్ళు గురమ్మ ఎప్పుడు బి.ఎడ్ చదివిందా అని ఆగిపోయేవారు.

మనిషి చూస్తే పొట్టి. చామనచాయ, బుల్లి ముక్కు, నల్లటి జడ. సంతకెళ్తే కొండ దిగొచ్చిన మనిషనుకుని "ఏ ఊరమ్మా, సీతంపేటా?" అని అడిగేవారు. మొదట్లో పాపం సముద్రాలు, దీవులు అన్నీ గాల్లో గీసి చెప్పేది. ఆర్నెల్లకి "అవును" అని ఒక్క ముక్కతో తేల్చి, వంకాయలు కొనుక్కుని బేగి వచ్చెయ్యడం అలవాటు చేసుకుంది.

ఆమెకి ఈ దేశంలో కావలసింది ఒక్కటే. అరకు మీదుగా పోయే కిరండోలు రైలుబండిలో కిటికీ పక్క సీటు.

ఆమె పుట్టిన దీవిలో రైలు లేదు. ఎప్పుడో ఉండేదట, తీసేశారట. అలాంటి మనిషికి, కొత్తవలస దగ్గర పక్కకి తిరిగి, కొండల్ని తొలుచుకుంటూ, ఒక సొరంగంలో దూరి ఇంకో సొరంగంలోంచి అరకు పోయే బండి ఉందని తెలిస్తే నిద్రపడుతుందా? కిందటి దసరాకే ఎక్కేద్దామనుకుంది. మలేరియా వచ్చి సెలవులన్నీ మంచం మీద గడిచాయి. ఇది రెండో దసరా, 2016. వచ్చే మే నెలకి ఆమె గడువైపోతుంది, ఇంటికెళ్ళిపోతుంది. ఇప్పుడు ఎక్కితే ఎక్కినట్టు.

హెడ్మాస్టరమ్మ సత్యవతి గారికి ఈ సంగతి చెప్పింది. అదే ఆమె చేసిన తప్పు.

"ఒక్కర్తివీ హోటళ్ళలో దిగతావా? మన సంఘాల పరువేటి కావాల?" అని సత్యవతి గారు తెల్లకాయితం తీసి, స్కేలు పెట్టి గీతలు కొట్టి, ప్రోగ్రాం రాసేశారు. మొదటి రోజు శ్రీకాకుళం. రెండో రోజు విజయనగరం. మూడో రోజు కొత్తవలస. నాలుగో రోజు రైలు. ఆ తరవాత అరకులో హాయిగా తిరగడం. అన్నిచోట్లా విశ్వాసుల ఇళ్ళలోనే బస. తోడుగా మేనకోడలు రూబీని ఇచ్చారు. రూబీ శ్రీకాకుళంలో డిగ్రీ రెండో ఏడు. ఆ పిల్ల నోట్లోంచి మాట బయటికి రాకుండా ఆపాలంటే గొట్టా బ్యారేజీకి ఉన్నట్టు గేట్లు పెట్టాలి.

శ్రీకాకుళంలో సీమోను గారింట్లో దిగారు. ఆయన బస్సు కండక్టరుగా చేసి రిటైరయ్యాడు. ఆయన భార్య వడ్డన మొదలుపెట్టాక తెలిసింది మారిసెల్‌కి, ఈ ఇళ్ళలో "సాలు" అంటే "ఇంకా మొదలెట్టలేదు" అని అర్థమట. రెండు చేతులూ విస్తరికి అడ్డం పెడితే వేళ్ళ సందుల్లోంచి పులుసు పోసింది. మారిసెల్ లేచి నిలబడితే నిలబడ్డ మనిషి విస్తట్లోకి గురి చూసి కోడి ముక్క వేసింది. గురి తప్పలేదు.

తిన్నాక సీమోను గారు చేతులు తుడుచుకుంటూ అన్నాడు. "సాయంత్రం మీటింగున్నాదమ్మా. రెండు మాటలు బైబిలు వాక్యం సెప్పాల."

"మావయ్యా, నాను లెక్కల టీచర్ని. నాకు వాక్యం సెప్పడం రాదు."

"పరదేశం నుంచొచ్చి వాక్యం సెప్పకుండా ఎల్లిపోతే మేం తలెత్తుకోగలమేటమ్మా? రెండే మాటలు."

ఆ జిల్లాలో రెండు మాటలంటే గంటన్నర. మైకు ముందు నిలబెట్టారు. వెనక సండే స్కూలు బోర్డు కనిపించింది. లెక్కల టీచరుకి బోర్డు కనిపిస్తే ఈతగాడికి ఏరు కనిపించినట్టే. సుద్ద తీసుకుంది.

"మనకి తప్పు సేసినోడిని ఎన్నిసార్లు సమించాల? ఏడు సార్లా అని పేతురు గారు అడిగినారు. కాదు, డెబ్భై ఏడులు అన్నారు ప్రెబువు. ఎంతవుద్ది? అందరూ సెయ్యండి లెక్క!"

సంఘమంతా నోట్లో లెక్క వేసుకుంది. నాలుగొందల తొంభై అని తేలింది. రోజుకి ఒక్క తప్పు చొప్పున ఈ నాలుగొందల తొంభై ఎన్నాళ్ళొస్తాదో మారిసెల్ భాగించింది. ఏడాది మీద నాలుగు నెలలు. తరవాత ముందు వరసలో ముసలామెని అడిగింది. "పెద్దమ్మా, కోడల్ని ఇప్పటికెన్నిసార్లు సమించినావు?"

ముసలామె వేళ్ళు లెక్కెట్టి, "రెండు" అంది. "అందులో ఒకటి అనుమానమే."

ఆ నవ్వు ఆగడానికి పది నిమిషాలు పట్టింది. నవ్విన వాళ్ళందరూ ఇంటికెళ్ళి ఫోన్లు చేశారు. ఆ నాలుగొందల తొంభై వాక్యం మారిసెల్ కంటే ముందే బస్సెక్కి విజయనగరం చేరిపోయింది. సీమోను గారింట్లో ఒక్కరోజు బస మూడు రోజులైంది. విజయనగరంలో దాలమ్మ గారని నర్సమ్మ, ఆవిడింట్లో నాలుగు రోజులైంది. నాలుగు సంఘాల వాళ్ళు ఒకర్నొకరు సమించుకోలేక, మాకు ముందంటే మాకు ముందని కొట్టుకున్నారు. రోజూ సత్యవతి గారు ఫోన్‌లో "ఈ ఒక్కరోజు ఉండమ్మా, బాధపడతన్నారు" అనడం, మారిసెల్ "అలగేనండి" అనడం. వద్దనే మాట గురమ్మ ఆమెకి నేర్పలేదు. గురమ్మకే రాదు.

ఎనిమిదో రోజు తెల్లారి విజయనగరంలో పాసింజరెక్కాక రూబీ వేళ్ళ మీద లెక్క చెప్పింది.

"అక్కా, ఎల్లుండి బడి తెరుస్తారు. ఈరోజు కొత్తవలసలో ఆ బండెక్కితే రేపు తిరిగొచ్చీగలం. ఈరోజు ఎక్కకపోతే ఇంక లేదు."

"మరి కొత్తవలస ప్రోగ్రాం ఏటి?"

"ప్రకాష్ మావయ్యని ఉన్నాడు, సంఘ పెద్ద. రైల్వేలో పట్టాల మీద మేస్త్రీ. నిన్న ఫోన్ సేసి, మావయ్యా మమ్మల్ని ఒగ్గీండి, బండెక్కాలి అన్నాను."

"ఏటన్నాడు?"

"కోడిని కోసీసినానమ్మా అన్నాడు."

రూబీ వేళ్ళు ముడిచేసింది. కోడిని కొయ్యడమంటే సుప్రీంకోర్టు తీర్పు. దాని మీద అప్పీలు లేదు.

కొత్తవలసలో బండి ఆగింది. ప్లాట్‌ఫారం మీద పాతికమంది. చేమంతి దండ, రెండు డప్పులు, ఇంటి నుంచి మోసుకొచ్చిన ప్లాస్టిక్ కుర్చీ, "పరదేశపు దైవసేవకురాలికి సుస్వాగతం" అని ఫ్లెక్సీ. ఫొటో దొరక్క దాని మీద పావురాన్ని వేయించారు. మారిసెల్ నిట్టూర్చి, చున్నీ సర్దుకుని, ఎనిమిది రోజుల అలవాటు కొద్దీ మెడ కొంచెం వంచి దిగింది.

దండ పట్టుకున్న బట్టతలాయన, అదే ప్రకాష్ గారు, ఆమె భుజం మీదుగా చూస్తూ, "అమ్మా, కాస్త పక్కకి జరగండి. గెస్టు దిగతన్నారు" అన్నాడు.

జరిగారు.

వెనక పెట్టెలోంచి అరవయ్యేళ్ళ తెల్లావిడ దిగింది. వీపు మీద గ్యాసు సిలిండరంత సంచి. ఆవిడెవరో, ఏ దేశమో, ఎందుకు దిగిందో ఆ దేవుడికి తెలియాలి. డప్పులు మోగాయి. దండ పడింది. పిల్లలు పూలు జల్లారు. ఆవిడ బిత్తరపోయి, తరవాత నవ్వి, రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది. ప్రభుత్వం వారి టూరిజం శాఖ మరీ ఇంత బాగా పనిచేస్తోందని ఆవిడ అనుకుని ఉంటుంది.

రూబీ చున్నీ సగం నోట్లో కుక్కుకుంది. "అక్కా, మాటాడకు. దేవుడు దారి తెరిసీసినాడు. పద!"

సత్యవతి గారు ప్రకాష్ గారికి ఫోన్‌లో చెప్పింది ఒక్కటే ముక్కట. "ఫారిన్ టీచరమ్మ. గుర్తుపట్టడానికేటున్నాది, సూడగానే తెలిసిపోతాది." పాతపట్నంలో మారిసెల్ ఎలా ఉంటుందో అందరికీ తెలుసు కాబట్టి ఆవిడకి అంతకంటే చెప్పాలని తోచలేదు. కొత్తవలస సంఘానికేమో ఫారిన్ అంటే తెలిసింది ప్రార్థన గదిలో గోడకున్న పాతకాలం ఫొటో. అందులో మిషనరీ అమ్మలందరూ సున్నం కొట్టిన గోడలంత తెల్లగా ఉంటారు.

టికెట్లు తీసుకుని టీ కొట్టు దగ్గర నిలబడ్డారు. కిరండోలు బండికి ఇంకా ముప్పావుగంట. టీ కొట్టాయన విసుగ్గా "ఏటి కావాల? బేగి సెప్పండి" అన్నాడు. ఎనిమిది రోజుల్లో మారిసెల్ విన్న అతి తియ్యని మాట అదే. ఒక్క టీ అడిగింది. ఒక్కటే ఇచ్చాడు. ఇంకోటి తాగమని బతిమాలలేదు. మారిసెల్ కళ్ళు చెమర్చాయి.

అవతల తెల్లావిడని కుర్చీలో కూర్చోబెట్టారు. ఆవిడ జేబులోంచి టికెట్టు తీసి చూపిస్తోంది. "అరకు! అరకు!"

"అరకు రేపెల్దురుగానమ్మా" అన్నాడు ప్రకాష్ గారు. "ముందు టిఫిను. ఈట్."

"నో, అరకు! ట్రైన్!"

"ఎస్, ఎస్. ఈట్."

ఆవిడ సంచి అప్పటికే ఒకడు స్కూటర్‌కి కట్టేశాడు. మన వైపు అతిథి సంచి తీసుకోడమంటే వారంటు చేతిలో పెట్టినట్టే. ఆవిడ నవ్వు తగ్గుతూ తగ్గుతూ వచ్చి, మొహంలో ఓ రకమైన మర్యాద మాత్రం మిగిలింది. ఆ మర్యాద మారిసెల్‌కి బాగా తెలుసు. ఎనిమిది రోజులుగా అద్దంలో చూస్తోంది.

"రూబీ, ఆవిడ బండి కూడా అదేనే."

"ఆవిడకి ఇడ్లీ పెడతారు గానీ ఇనపరాడ్డు పెట్టరు కదక్కా. రేపెక్కుతాది."

"రేపు ఆవిడకి కుదుర్తాదో లేదో నీకేటి తెలుసు?"

"అక్కా, నువ్వెల్లి నేనేనని సెప్పినావంటే బండి పోతాది. నిన్ను ఒగ్గరు. కోడి ఉడికిపోనాది!"

మారిసెల్ టీ గ్లాసు వైపు చూసింది, పట్టాల వైపు చూసింది. తరవాత గ్లాసు రూబీ చేతిలో పెట్టి నడిచింది.

"మావయ్యా, వందనాలు. మీరు కబురెట్టిన గెస్టుని నేనే. ఆవిడెవరో నాకు తెల్దు. పాపం అరకెల్తంది."

ప్రకాష్ గారు పైనుంచి కిందకి చూశాడు. "ఏ ఊరమ్మా మీది? పాడేరా?"

"ఫిలిప్పీన్స్."

"ఫారినోళ్ళు ఇలగ మాటాడతారేటి? నువ్వు అచ్చం మా అత్తలాగ మాటాడతన్నావు."

రూబీ పరిగెత్తుకొచ్చింది. "నిజమే మావయ్యా. నాను సత్యవతి మేనకోడల్ని, రూబీని. నిన్న ఫోన్ సేసినాను కదా."

"ఓలమ్మా! దిగ్గానే సెప్పొచ్చు కదే!"

"పక్కకి జరగమన్నారు. జరిగినాం."

సంఘంలో గుసగుసలు లేచాయి. సగం మంది నమ్మారు, సగం మంది కుర్చీలో ఉన్న తెల్లదనాన్ని వదులుకోడానికి సిద్ధంగా లేరు. అప్పుడు లక్ష్మణమ్మ అని ఓ ముసలామె, ఎండిన చింతకాయంత ఉంటుంది, కర్ర టకటకలాడించుకుంటూ ముందుకొచ్చింది. "అంత గొడవెందుకర్రా? నిజంగా ఆ టీచరమ్మే అయితే ఆ నాలుగొందల తొంభై సెప్పమనండి. సూద్దుం."

మారిసెల్ వంగి, ఇటుక పెంకు ఒకటి ఏరుకుని, ప్లాట్‌ఫారం మీదే డెబ్భై ఇంటూ ఏడు వేసింది. పాతికమందీ గుండ్రంగా మూగారు. బండి కోసం వచ్చిన వాళ్ళూ చేరారు. టీ కొట్టాయన కూడా స్టవ్ తగ్గించి వచ్చాడు.

"ఇప్పుడు లెక్క సూడండి. మావయ్య నన్ను పక్కకి జరగమన్నాడు. ఒకటి. ఈయమ్మ సంచి కట్టీసినాడు. రెండు. అరకంటే ఇడ్లీ అన్నాడు. మూడు. మూడూ సమించీసినాను. మావయ్యకి ఇంకెన్ని మిగిలినాయి?"

"నాలుగొందల ఎనభై ఏడు!" అని పిల్లలు అరిచారు.

"సాయంత్రానికి అవగొట్టీగలడు మా ఆయన" అంది ప్రకాష్ గారి భార్య. అందరికంటే గట్టిగా నవ్వింది ప్రకాష్ గారే. వాక్యం పది నిమిషాల్లో అయిపోయింది, ఆమెన్ కూడా చెప్పేశారు. తెల్లావిడ సంచి స్కూటర్ దిగింది. మారిసెల్ ఆవిడకి ఇంగ్లీషులో సంగతంతా చెప్పింది. ఆవిడ పేరు బార్బరా, పోలెండు. విని విని, దండ తియ్యాలా అక్కర్లేదా అని అడిగింది. ఉంచుకోమన్నారు.

అంతా బాగానే ఉంది గానీ, ప్రకాష్ గారు మాత్రం తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ నిలబడిపోయాడు.

"మరి మీరూ ఎల్లిపోతారేటమ్మా?" అన్నాడు నెమ్మదిగా. "టెంటేసినాం. యాభై మందికి ఒండించినాం. కొత్తవలస వచ్చినోళ్ళందరూ బండి మారిపోడానికే వస్తారమ్మా. దిగి, మా ఇంటికొచ్చి, మంచినీళ్ళు తాగినోళ్ళు ఎవరూ లేరు. నాను ఇరవయ్యారేళ్ళ బట్టి సూస్తన్నాను."

మారిసెల్ నోటిదాకా "అలగేనండి" వచ్చింది. ఎనిమిది రోజుల అలవాటు. ఇంకో నిమిషమైతే అనేసేది. మైకులో కిరండోలు పాసింజరు వస్తోందని చెప్పారు.

"మావయ్యా" అంది. "నాను మే నెల్లో ఎల్లిపోతాను. ఈ బండి ఈరోజు ఎక్కకపోతే ఈ జన్మకి ఎక్కను. నాను ఎక్కుతాను." చెప్పేశాక, ఇంత గట్టిగా ఎవరన్నారా అని తనే ఒకసారి చుట్టూ చూసుకుంది. తరవాత అడిగింది. "ఇంతకీ మీరెక్కినారా?"

"ఏ బండి?"

"ఇదే. అరకు దాకా."

ప్రకాష్ గారు తల గోక్కున్నాడు. "ఎస్.కోట దాకా పట్టాలు బిగించినాను. అటు మీద... ఎప్పుడూ పని పడనేదు."

"పెద్దమ్మా, నువ్వు?"

"నానెక్కడ ఎక్కుతానే?" అంది లక్ష్మణమ్మ. "యాభయ్యేళ్ళ బట్టి దాని కూత ఇంతన్నాను. అదెక్కడికెల్తాదో నాకేటి తెల్సు?"

పాతికమందిలో ఎక్కినవాళ్ళు ఇద్దరు. అందులో ఒకడు నిద్రపోయాడట.

"మరైతే ఆ కోడిని బండి కాడికే తెప్పించండి మావయ్యా" అంది మారిసెల్. "అందరం ఎల్దుం. మీరు నాకు బండిలోనే వడ్డించండి. ఎంతేస్తే అంత తింటాను."

ప్రకాష్ గారు ఒక్క క్షణం ఆలోచించాడు. ఆ క్షణం తరవాత కొత్తవలస స్టేషన్లో జరిగింది యుద్ధమని కొందరు, వలస అని కొందరు అంటారు. "ఒరే, బేగెల్లండ్రా! గిన్నెలు! ఇస్తరాకులు! టెంటు కాడోళ్ళని రమ్మనండి!" నాలుగు స్కూటర్లు ఒకేసారి లేచాయి. ఆడవాళ్ళు టికెట్ల కిటికీ వైపు పరుగెత్తారు. డప్పులవాళ్ళు ఎందుకైనా మంచిదని మళ్ళీ మొదలెట్టారు.

బండి వచ్చింది. అది పూర్తిగా ఆగకముందే ప్రకాష్ గారు కిటికీలోంచి తన తువ్వాలు విసిరాడు. మన దగ్గర తువ్వాలు పడిన సీటు రిజిస్ట్రాఫీసులో రాయించుకున్న స్థలంతో సమానం. దాని వెనక జేబురుమాళ్ళు పడ్డాయి, గొడుగులు పడ్డాయి, లక్ష్మణమ్మ చెప్పు పడింది. ఆ పెట్టెలో ముందే కూర్చున్న వాళ్ళు వలలో పడ్డ చేపల్లాగ కంగారుపడి సర్దుకున్నారు. గార్డు విజిలు వేసే వేళకి స్కూటర్లు వచ్చాయి. ఇడ్లీ గిన్నె తలుపులోంచి ఎక్కింది. కోడికూర గిన్నెని కదిలే బండి పక్కన ఇద్దరు పరుగెత్తి అందించారు. ఒక్క చుక్క ఒలకలేదు. ఒలికిందని అన్నవాడు కొత్తవలసవాడు కాడు.

తువ్వాలు తీసి ప్రకాష్ గారు చెయ్యి చూపించాడు. "కూకోండమ్మా."

కిటికీ పక్క సీటు. మారిసెల్ కూర్చుంది. చువ్వ పట్టుకుంది. చల్లగా ఉంది.

ఎస్.కోట దాటాక కొండలు దగ్గరికొచ్చాయి. బార్బరా ఎదుటి సీట్లో మెడలో దండతోనే ఇడ్లీలు తింటోంది. వద్దంటే ఏమవుతుందో ఆవిడ అప్పటికే తెలుసుకుంది. ప్రకాష్ గారు తలుపు దగ్గర నిలబడి, కిందకి చూస్తూ, పరాయి మేస్త్రీలు బిగించిన పట్టాలకి మార్కులు వేస్తున్నాడు. రూబీ ఫోన్‌లో సత్యవతి గారికి "అవునత్తా, సంఘంతో పాటే ఉన్నాం. సంఘమే మాతో ఉన్నాది" అని చెబుతోంది.

బొడ్డవర దాటుతుండగా లక్ష్మణమ్మ కర్రతో మారిసెల్ మోకాలు తట్టింది.

"అమ్మా, కాస్త ఆ కిటికీ నాకియ్యే. ముసల్దాన్ని. నాకేటీ అగుపడ్డం నేదు."

పెట్టంతా ఇటు చూసింది. ఎనిమిది రోజుల్లో ఎవరేది అడిగినా కాదనని మనిషి. రూబీ ఫోన్ చెవి మీంచి తీసి చూస్తోంది.

"ఇవ్వను పెద్దమ్మా" అంది మారిసెల్.

"ఇవ్వవా?"

"సచ్చినా ఇవ్వను. ఇలగ రా, నా ఒళ్ళో కూకో."

"ఓసి నీ దుంప తెగ, ఎంత మాటన్నావే!" అంది లక్ష్మణమ్మ ముచ్చటగా. కర్ర ప్రకాష్ గారి చేతికిచ్చి, వచ్చి ఒళ్ళో కూర్చుంది. బరువే లేదు. ఇద్దరి తలలూ ఒకే కిటికీకి ఆనించుకున్నారు, ముసలామె జుట్టులోంచి కొబ్బరినూనె వాసన. ముందు ఇంజను వంపు తిరిగి, కొండలోకి దూరిపోతూ కనిపించింది.

"అదేటే అది, బండిని కొండ మింగేత్తన్నాది!"

"గట్టిగా అరువు పెద్దమ్మా! ఇక్కడ అందరూ అరుస్తారంట!"

పెట్టెలో చీకటైపోయింది. ఇద్దరూ అరిచారు.